మూడో గాలిబాయి ఎండ వ్యాపారం

మొదటి రోజు

కొత్త వ్యాపారం పెట్టదలచిన వాళ్ళు ప్రణాళికతో పాటు రోజువారీ పుస్తకం ఒకటి రాసి జతచేయాలని, ఎవరు ఏ పనిలో, ఏ చోట ఉండాలో తేల్చే చోటు ఆఫీసు నియమం. పుస్తకం వాళ్ళే ఇచ్చారు, నూట ఇరవై పేజీలు. కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి పేరు తస్లీమా. "రోజుకు నాలుగు లైన్లు చాలు తాతా. ఏం చేశారు, ఎంతసేపు చేశారు, అంతే" అంది. నాలుగు లైన్లలో నేను ఇంతవరకు నా పేరు కూడా చెప్పి ఎరగను.

పేరు దాసరి పోశం. వయసు డెబ్బై రెండు. పుట్టింది, పెరిగింది, గాలి ఫిల్టర్లు కడిగి రిటైరయింది అంతా ఈ మొదటి బాయిలోనే. మా ముత్తాతలు బొగ్గు తీసిన బాయి ఇది. బొగ్గు అయిపోయాక, పైన ఎండలు మనుషుల్ని నిలవనీయకుండా అయ్యాక, జనం ఆ ఖాళీల్లోకి దిగి గోడలకు సున్నాలు వేసుకున్నారు. చదువు ఆరో తరగతి. ఆ తర్వాతది సొంత చదువు. పైనుంచి దింపిన లైబ్రరీ పెట్టెలు నలభై ఉంటే ముప్పై ఏడు చదివాను. మిగతా మూడూ చెదలు చదివాయి.

వ్యాపారం ఏమిటంటే, ఎండ.

గత నెల మూడో గాలిబాయి అడుగున ఉన్న పాత స్టోరు గది తాళం పగలగొట్టారు, తుప్పు బోల్టుల కోసం. గాలిబాయి అంటే పైనుంచి గాలి దిగే నిలువు గొయ్యి, నూరడుగుల లోతు. ఊరికే చూడ్డానికి వెళ్ళాను. రిటైరైనవాడికి పగిలిన తాళం కూడా తిరునాళ్ళే. గది నేల మీద, నాలుగైదు మంచాలంత మేర, ఎండ పడి ఉంది. పైన ఎప్పుడో ఎవరో బిగించిన అద్దం ఒకటుంది. గడియారంలా దానంతట అదే తిరుగుతూ, పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా సూర్యుడి వెలుగును గోతిలోకి వంచుతుంది. నేను చెప్పులు విడిచాను. ఎందుకు విడిచానో నాకే తెలియదు.

ఇక ఈ వ్యాపారం నాకోసం కాదు. నా ఎదురింటి కనకవ్వ కోసం. నా భార్య రాజవ్వ పోయిన పదకొండేళ్ళ నుంచి నాకు రోజూ ఒక పూట అన్నం కనకవ్వ ఇంట్లోదే. మొదటి రోజు పళ్ళెం తెచ్చి గుమ్మంలో పెట్టింది. రెండో రోజు తెస్తుందో లేదో అనుకుంటూ కూర్చున్నాను. మూడో రోజు నుంచి అనుకోవడం మానేశాను. ఇన్నేళ్ళలో దాని గురించి మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆమె పని వరుగులు చేయడం. టమాట, గోరుచిక్కుడు, వంకాయ ముక్కలు కోసి, ఉప్పు రాసి, వేడిగొట్టాల మీద ఆరబెట్టేది. ఈ నెలలో ఆ పనికి యంత్రం వచ్చింది. నిన్న కనకవ్వ తలుపు మీద నోటీసు వచ్చింది. ఈరోజు నుంచి అరవై రోజుల్లో రిజిస్టరులో వేరే పని చూపకపోతే రెండో బాయికి మారాలి. అక్కడ ఒంటరి మంచాలే ఉన్నాయి. ఆమె తల్లి అయిలవ్వకు తొంభై ఒకటి. కూతురు అటు వెళితే తల్లి ముసలివాళ్ళ వార్డుకి వెళ్ళాలి. వార్డుకి వెళ్ళినవాళ్ళు ఎన్నాళ్ళుంటారో మా ఇళ్ళ వరసలో అందరికీ తెలుసు.

ఆ నోటీసు చదివి వినిపించింది నేనే. విన్నాక అయిలవ్వ, "గొట్టం మీద ఎండింది ఒరుగెట్లయితది. ఎండల ఎండాలె" అంది. ఆమె పైన పుట్టిన మనిషి. పద్దెనిమిదేళ్ళకు కిందికి దిగింది, నేను పుట్టడానికి సరిగ్గా ఏడాది ముందు. ఆ మాటతో నాకు స్టోరు గది గుర్తొచ్చింది.

నాలుగో రోజు

కనకవ్వ పేరు మీద ప్రణాళిక కాగితం నింపడానికి తస్లీమా దగ్గర గంటన్నర.

"ముడిసరుకు ఏంటి తాతా?"

"ఎండ."

"ఎక్కడి నుంచి వస్తుంది?"

"సూర్యుడి నుంచి."

ఆ అమ్మాయి నవ్వకుండా రాసుకుంది. ఆఫీసు పనికి మనిషి ఎట్లా ఉండాలో అట్లా ఉంటుంది. "సరఫరాదారు సంతకం కావాలి" అంది.

నేను పైకి చూశాను. ఆమె కూడా చూసింది. పైన ట్యూబులైటు తప్ప ఏం లేదు.

"సంతకం తేలేకపోతే ఇంకో దారుంది" అని నియమాల పుస్తకం తిరగేసింది. "ముప్పై రోజులు తెగకుండా సరఫరా అయినట్టు రుజువు. ఏ రోజు ఎన్ని గంటలు పడిందో మీ పుస్తకంలో రాయండి. అంతే చాలు."

"అదెంత పని బిడ్డా" అన్నాను.

పోటీదారులు అన్న గడిలో వరుగుల యంత్రం పేరు రాశాం. పెట్టుబడి అన్న గడిలో చేటలు పన్నెండు, చాపలు నాలుగు, అయిలవ్వ తెలివి. చివరిది కొట్టేయమంది తస్లీమా. కొట్టేసినట్టు గీసి, చదివితే కనపడేట్టు ఉంచాను.

పదకొండో రోజు

ఎండ ఎప్పటిలాగే. పది రోజులుగా నేల మీద సుద్దతో దాని అంచు గీస్తున్నాను. ఒక్క వేలు అటూ ఇటూ జరగలేదు. ఇంత నమ్మకమైన సరఫరాదారుని నేను చూడలేదు. అందుకని ఈరోజు సున్నంతో గళ్ళు గీశాను. వరుగులకు ఆరు గళ్ళు, దుప్పట్లకు రెండు, మోకాళ్ళ నొప్పుల వాళ్ళకు రెండు, పసిపిల్లలకు ఒకటి. అంకెలు కూడా వేశాను. గీసినంత సేపూ కనకవ్వ చేట పట్టుకుని నిలబడింది.

"పోశన్నా, గింత ముద్దుగ గీత్తున్నవ్. ముగ్గులపోటీకి పోతవా ఏంది?"

వరసలోకి వెళ్ళి ఎండ ఎవరికి కావాలని ఇంటింటా అడిగాం. గాలిపంకాల గుంపు మేస్త్రి మొండయ్య నూనె డబ్బా పట్టుకుని దారిలోనే నిలబెట్టాడు. నాకు బావమరిది వరస. ఆ వరసను ఒక్కరోజు కూడా వృథా పోనివ్వడు.

"ఏం బావా, ఎండ అమ్ముతవట గద. మా తాత దానికే పోయిండు. పైనుంచి తప్పించుకొని మనం కిందికి దిగితిమి. నువ్వు దాన్ని పిలిచి పీటేస్తున్నవ్."

నవ్వుతూనే అన్నాడు కానీ చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వలేదు. ఈ బాయిలో ఎండకు ఎవరో ఒకరు పోని ఇల్లు లేదు. దానికి జవాబు నేను చదివిన ముప్పై ఏడు పెట్టెల్లో దేనిలోనూ లేదు.

అయిలవ్వ గుమ్మంలో కుర్చీలో కూర్చుని ఉంది. "మొండా, మీ తాతను నువ్వు జూల్లె, నేను జూసిన. మిట్టమధ్యాన్నం నెత్తి మీద తువ్వాల గూడ లేకుంట రోడ్డు పని జేయించిండ్రు ఆయనతోని. గది ఎండ జేసిందా, జేయించినోడు జేసిండా?"

మొండయ్య నూనె డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "గంత దూరం నాకు తెల్వదవ్వా" అని పంకాల వైపు నడిచాడు.

సాయంత్రానికి పదకొండు ఇళ్ళవాళ్ళు పేర్లిచ్చారు. అయిలవ్వకు దండం పెట్టాను. పక్కకు తప్పుకోమంది, గాలికి అడ్డమున్నానట.

పంతొమ్మిదో రోజు

పేరు పెట్టే గడి మిగిలింది. "కనకవ్వ ఎండ కేంద్రం" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు, కేంద్రం అంటే క్యూ కట్టాల్సి వస్తుందట. చివరికి మూడో గాలిబాయి ఎండ వ్యాపారం అని రాశాం.

పేర్లంటే గుర్తొచ్చింది. మా మేనమామ పెళ్ళికి శుభలేఖలో కల్యాణ స్థలం "మొదటి బాయి, నాలుగో సొరంగం" అని వేశారు. పెళ్ళివారిని బొగ్గు ట్రాలీలో ఊరేగించారు. ట్రాలీకి బ్రేకు పట్టలేదు. నాలుగో సొరంగంలో భజంత్రీలు మోగుతుండగా వధూవరులు వాళ్ళ ముందు నుంచే వెళ్ళిపోయి, పన్నెండు కిలోమీటర్లు దాటి రెండో బాయిలో ఆగారు. ముహూర్తం దాటిపోతుందని అక్కడి పురోహితుడే తాళి కట్టించాడు. ఎవరో తెలియని వాళ్ళు అక్షతలు వేశారు. ఇక్కడ మూడు వందల మంది పెళ్ళి చూడకుండా భోజనం చేశారు. మా మామ చివరిదాకా, తనకు రెండు ఊళ్ళ ఆశీర్వాదం అని చెప్పుకున్నాడు. నిజమే. ఎవరో తెలియనివాళ్ళు మన మీద వేసిన అక్షతల్ని మనం లెక్కలోకి తీసుకోం కానీ, తల మీద పడ్డాయి కదా.

ఎండ ఎప్పటిలాగే.

ఇరవై ఏడో రోజు

దెబ్బ తగిలింది.

పొద్దున కనకవ్వ ఒక చేట తెచ్చి నా ముందు పెట్టింది. గోరుచిక్కుడు వరుగుల మీద తెల్లగా బూజు. ఒకటో గడిలో పెట్టిన చేట అది. మూడు రోజుల నుంచి తడి ఆరడం లేదంది. వెళ్ళి చూస్తే ఒకటి, రెండు గళ్ళు పూర్తిగా నీడలో ఉన్నాయి. ఎండ రెండు మూరలు ఉత్తరానికి జరిగి, గళ్ళు లేని ఖాళీ నేల మీద హాయిగా పడుకుని ఉంది.

నాకు వెంటనే మొండయ్య మీదికి పోయింది మనసు. పైన ఉన్న అద్దం గదికి వారం వారం నూనె రాయడానికి వెళ్ళేది వాడి గుంపే. పంకాల గదికి వెళ్ళి పదిమందిలో అడిగేశాను, అద్దాన్ని ఎందుకు కదిలించావని.

వాడు చేతిలోని నూనె డబ్బా కింద పెట్టాడు. "బావా, నేను నిన్ను ఎగతాళి జేస్తగని నీ కంచంల మన్ను పోస్తనా?"

అంత మెల్లగా వాడు మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. తిరిగి వచ్చి అయిలవ్వ దగ్గర కూర్చున్నాను. జరిగింది విని ఆమె నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"ఎండ నడుస్తది కొడుకా. కుర్చీయేసి కూసుంటదా? ఎండకాలం ఒక దిక్కుంటది, చలికాలం ఇంకో దిక్కుకు పోతది. మా అవ్వ ఆకిట్ల ఒడియాలు పెడితె, కాలం మారిందంటె చాప జరుపుకుంట పోయేది. నీకు తెల్వదా?"

తెలుసు. అదే అసలు సిగ్గు. భూమి వంగి తిరుగుతుందని, సూర్యుడు ఆరు నెలలు ఉత్తరంగా, ఆరు నెలలు దక్షిణంగా జరుగుతాడని నేను ఈ వరసలో పిల్లలకు నారింజకాయ పట్టుకుని చెప్పినవాణ్ణి. ఎన్ని డిగ్రీలో కూడా చెప్పాను. ఆ మలుపు తిరిగే పది పన్నెండు రోజులు దాదాపు కదలడని కూడా ఒక పుస్తకంలో ఉంది. నేను సరిగ్గా ఆ రోజుల్లోనే సుద్దముక్క పట్టుకుని కొలిచాను. ఆ పుస్తకంలో ఉన్న సూర్యుడూ, స్టోరు గదిలో నేల మీద పడ్డ మచ్చా ఒకటేనని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ట్యూబులైటు కింద పుట్టినవాడికి వెలుగంటే బిగించిన చోట ఉండేదే.

ఇట్లాగే జరుగుతూ పోతే ఇంకో రెండు నెలలకు గోడ ఎక్కి మాయమవుతుంది. అంతకన్నా ముందు సంగతి, గళ్ళలో ఎండ తెగింది కాబట్టి ముప్పై రోజుల రుజువు ఇక మొదటి నుంచి మొదలు. గడువు అరవై. ఈరోజు ఇరవై ఏడు. కనకవ్వ బూజు పట్టినవి పారేసి, చేట కడిగి బోర్లించింది. తర్వాత నాకు అన్నం పెట్టింది.

ఇరవై ఎనిమిదో రోజు

మొండయ్య ఇంటికి వెళ్ళాను. తప్పయిందన్నాను. పదిమందిలో అన్న మాటకు ఇంట్లో చెప్పే క్షమాపణ సరిపోదు కాబట్టి పంకాల గదికి తీసుకెళ్ళి మళ్ళీ చెప్పాను. వాడి మనుషులు చప్పట్లు కొట్టారు, ఎగతాళికే. తగినదే.

"ఆ అద్దం కింద ఒక మర ఉంటది బావా" అన్నాడు మొండయ్య, కోపం దిగాక. "దానికి గూడ నూనె రాస్తం."

"అది ఎందుకు?"

"తెల్వది. మా నాయిన రాసిండు, నేను రాస్తున్న."

ఆ మర తిప్పితే అద్దం వంపు మారుతుంది. బిగించినవాడు అందుకే పెట్టాడు. వారానికొకసారి కాస్త తిప్పే మనిషి ఉంటే ఎండ ఏడాది పొడుగునా ఒకే చోట పడుతుంది. ఆ మనిషి ఎప్పుడో పోయాడు. ఆయన పేరు ఎవరికీ తెలియదు. కానీ నలభై ఏళ్ళుగా కారణం తెలియకుండా నూనె రాసిన తండ్రీకొడుకుల పుణ్యాన మర తుప్పు పట్టలేదు. ఇట్లాంటి మేలుకు ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియక, ఇక్కడ రాస్తున్నాను.

రేపు ఆదివారం. తెల్లవారుజామున గుంపు పైకి వెళుతుంది, ఎండ ముదిరేలోగా దిగిపోవాలి. నా మోకాళ్ళు నూరడుగుల నిచ్చెనకు పనికిరావు. "నేను పోత" అంది కనకవ్వ. ఆమె ఎప్పుడూ పైకి వెళ్ళలేదు.

ఇరవై తొమ్మిదో రోజు

ఈ రోజు గురించి ఒక పేజీ కాదు, పెట్టె నిండా రాయొచ్చు. తస్లీమా కోసం తగ్గించి రాస్తున్నాను.

కింద నేను, బాయి ఫోను చెవికి పెట్టుకుని. పైన కనకవ్వ, మొండయ్య. ఎనిమిదికి అద్దం వెలుగు పట్టింది. "తిప్పు" అన్నాను. మచ్చ కదిలింది, ఒకటో గడి వైపు కాదు, ఇంకా దూరంగా. "అటు కాదు." మళ్ళీ కదిలింది. "ఇంకొంచెం. ఇంకొంచెం. ఆపు." గీసిన సున్నం గీతల మధ్యకు ఎండ వచ్చి సరిగ్గా కూర్చుంది. అయిలవ్వ కుర్చీని పట్టుకొచ్చి మోకాళ్ళ గడిలో వేశారు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఫోనులో అడిగాను, "కనకవ్వా, పైన ఎట్లుంది?"

ఫోనులో గాలి హోరు వినిపించింది.

"పెద్దగుంది" అంది.

దిగాక మొండయ్య ఇంకో మాట చెప్పాడు. వచ్చే ముందు ఆమె మర మీది పాత నూనెను తన కొంగుతో తుడిచి, మళ్ళీ కొత్త నూనె తనే రాసిందట. ఎందుకని అడిగితే, "నేను గూడ రాయాలె గద" అందట.

నలభై నాలుగో రోజు

ప్రతి ఆదివారం కనకవ్వ పైకి. మిగతా రోజులు ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఎండలోనే, ముక్కలు తిరగేస్తూ, దుప్పట్లు దులుపుతూ, పసిపిల్లల్ని పట్టుకుని కూర్చుంటూ. మొండయ్య మనవరాలు పుట్టి ఇరవై రోజులు. కామెర్లతో ఒళ్ళు పచ్చగా ఉంది, డాక్టరు కాసేపు ఎండ మంచిదే అన్నాడు. మొండయ్యే ఎత్తుకొచ్చాడు. గడి బయట నిలబడి చేతులు మాత్రమే ముందుకు చాచి పిల్లను ఎండలో పట్టుకున్నాడు. నాలుగో రోజుకు తనూ లోపలికి వచ్చి కూర్చున్నాడు.

ఎండ ఎప్పటిలాగే.

యాభై తొమ్మిదో రోజు

పొద్దున పుస్తకం తీసుకుని తస్లీమా స్టోరు గదికే వచ్చింది. నిన్న ఇచ్చాను, రాత్రంతా చదివినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చాప మీద కూర్చుని పేజీలు తిప్పింది.

"తాతా, ఇందులో మీ మేనమామ పెళ్ళి ఉంది. ఫిల్టర్లు కడిగే పద్ధతులు ఏడు ఉన్నాయి. చెదల మీద పద్యం ఉంది. ఎండ ఎన్ని గంటలు పడిందో లేదు."

"ఎప్పటిలాగే అని రాశాను కద బిడ్డా."

"ఎప్పటిలాగే అంటే ఎన్ని గంటలని మా పై ఆఫీసరు అడుగుతాడు. ముప్పై రోజులు తెగలేదని నేను ఎట్లా సంతకం పెట్టాలి? చివరి ముప్పై రోజుల్లో పదమూడు రోజులకు అసలు పేజీయే లేదు."

లేదు. ఆ పదమూడు రోజులూ నేను ఈ చాప మీదే కూర్చుని వచ్చిన వాళ్ళందరికీ కథలు చెప్పాను. రోజుకు నాలుగు లైన్లు అడిగింది ఆ పిల్ల. నూరు పేజీలకు పైగా నింపి, అడిగిన ఒక్క ముక్క రాయలేదు. రేపటితో గడువు. ఎదురుగా అయిలవ్వ కుర్చీలో ఉంది. పదకొండేళ్ళ అన్నం తిన్నవాణ్ణి, ఆ తల్లీకూతుళ్ళను నా నోటితో నేనే విడదీశాను. నేను మాట్లాడబోయాను. జీవితంలో మొదటిసారి మాట రాలేదు.

కనకవ్వ చేతిలో చేట కింద పెట్టింది. వచ్చి తస్లీమా ముందు కూర్చుంది. "గా పుస్తకం మాట నాకు తెల్వది బిడ్డా. గిది జూడు."

చెయ్యి చాచి, మణికట్టు దగ్గరి గాజుల్ని మోచేతి వైపు తోసింది.

గాజులుండే చోట రెండు వేళ్ళ వెడల్పున లేత రంగు. బాయి రంగు, మా అందరి రంగు. దానికి అటూ ఇటూ, వేళ్ళ నుంచి మోచేయి దాకా, చెయ్యి నల్లగా కమిలి, కొత్త మనిషి చెయ్యిలా ఉంది. అంచు సుద్దతో గీసినంత తీరుగా ఉంది. వరసలో ఎవరమూ ఆ గీత చూడలేదు, ఆమె గాజులు జరపలేదు కాబట్టి. ట్యూబులైటు కింద పుట్టిన మాలో ఎవరి ఒంటి మీదా అట్లాంటి గీత లేదు.

అయిలవ్వ ముందుకు వంగి చూసింది. "మా అవ్వ చెయ్యి" అంది.

తస్లీమా సంచిలోంచి స్కేలు తీసింది. లేత పట్టీ వెడల్పు కొలిచింది. తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. "ఇట్లా కావడానికి ఎన్ని రోజులు పడుతుందవ్వా?" అని అయిలవ్వను అడిగింది.

"ఒక్కరోజు ఎండకు మంటయితది, గీత పడది. నడుమ నాలుగు దినాలు తెగితె అంచు చెదురుతది. గింత గట్టిగ పడాలంటె నెలంత కావాలె. పైన కూలికి పోయినోళ్ళందరికి ఉండేది."

తస్లీమా ప్రణాళిక కాగితం మోకాలి మీద పెట్టుకుని, సరఫరా రుజువు అన్న గడిలో రాసింది. రాసి నాకు చూపించింది. "దరఖాస్తుదారు చెయ్యి. పరిశీలించాను, కొలిచాను." కింద సంతకం. సాక్షి అన్న చోట అయిలవ్వ వేలిముద్ర. రిజిస్టరులో ఈ సాయంత్రమే ఎక్కిస్తానంది. కనకవ్వ రావడం లేదని రెండో బాయికి కబురు తనే పంపుతుంది.

నా పుస్తకం నాకు తిరిగి ఇచ్చేసింది. ఆఫీసుకు అక్కర్లేదంది. పెళ్ళి భాగం మాత్రం వాళ్ళ అమ్మకు చదివి వినిపించిందట.

కనకవ్వ దగ్గరికి వెళ్ళాను. "నువ్వు లేకపోతే ఏమయ్యేదో" అన్నాను. "నువ్వు గళ్ళు గీయకపోతే నేను ఎండల కూసుందునా పోశన్నా" అంది. పదకొండేళ్ళకు ఆ మాత్రం మాట్లాడుకున్నాం.

తస్లీమా లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి వచ్చింది. చేతి గడియారం విప్పి సంచిలో వేసుకుని, గడి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, తెల్లటి మణికట్టును మెల్లగా ఎండలోకి జరిపింది.

"పది నిమిషాలే బిడ్డా" అంది కనకవ్వ, ఆ పిల్ల కొంగును భుజం మీదికి సర్దుతూ. "మొదటి దినం గంతకంటె ఎక్కువొద్దు."